కుడితి తొట్టి నుంచి గ్యాసు పొయ్యి దాకా

నా చిన్నప్పుడు మా దొడ్లో ఒక కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, వంకాయ ముచ్చికలు, అరటి తొక్కలు, పిల్లలం కంచంలో వదిలేసిన మెతుకులు అన్నీ అందులోకే పోయేవి. సాయంత్రం గుప్పెడు తవుడు కలిపితే గేదె మూతి ముంచి తొట్టి ఖాళీ చేసేది. పేడ, కసువు, పొయ్యిలో బూడిద పెంటదిబ్బకు చేరేవి. ఎండాకాలంలో బండి కట్టి ఆ దిబ్బను పొలానికి తోలేవారు. పాత కాగితాలు, సీసాలు, చిల్లుపడిన గిన్నెలు ఒక గోనెసంచిలో ఎదురుచూస్తూ ఉండేవి. పాత సామాన్ల బండి వీధిలోకి వస్తే ఆ సంచి విప్పి, బదులుగా ఇన్ని ఉల్లిపాయలు తీసుకునేవాళ్లం.

అంటే ఇంట్లోంచి బయటికి పోయేవాటికి మూడు దారులుండేవి. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని మా అమ్మకు ఎవరూ పాఠం చెప్పలేదు. గేదె గాజుపెంకు తినదు, పొలానికి సీసా మూత పనికిరాదు, పాత సామాన్ల వాడు కుళ్లిన టమాటా కొనడు. ఆమెకు ఆ మాత్రం తెలిస్తే సరిపోయింది.

ఇప్పుడు మార్కాపురంలో, గిద్దలూరులో, కనిగిరిలో, పొదిలిలో చాలా ఇళ్లకు దొడ్డీ లేదు, గేదే లేదు. ఆ మూడు దారులూ ఒకే నల్ల కవరులో కలిసిపోయాయి. సాంబారు, సిరంజీ, షాంపూ ప్యాకెట్టు, నిన్నటి అన్నం అన్నీ అందులోనే. మూతి ముడేసి బండిలోకి విసిరేస్తే మన పని అయిపోయిందనుకుంటాం. ఆ ముడి దగ్గరే అసలు కథ మొదలవుతుంది. ఈ పూట దాని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

మార్కాపురం వాళ్లకు కుప్పలు కొత్త కాదు. పలకల గనుల వైపు వెళితే దారి పొడవునా రాతి ముక్కల గుట్టలు కనిపిస్తాయి. తవ్వి తీసిన రాయిలో పలకకో, నేల మీద పరిచే బిళ్లకో పనికొచ్చేది కొంతే. మిగిలినదంతా అక్కడే పోస్తారు. ఆ గుట్ట స్థలం తింటుంది, దుమ్ము రేపుతుంది, నిజమే. కానీ అది రాయి. పాతికేళ్ల తరవాత వెళ్లి చూసినా అలాగే ఉంటుంది.

చెత్తకుప్ప అలా కాదు, అది ఊపిరి తీసుకుంటుంది. పైన పడ్డ చెత్తకు గాలి తగులుతుంది, ఎండుతుంది. దాని మీద ఇంకో ట్రాక్టరు లోడు పడగానే అడుగునున్న అన్నం, కూరగాయల తుక్కు, మాంసం తునకలు గాలి ఆడని చీకట్లో చిక్కుకుపోతాయి. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు అక్కడ పనిలోకి దిగుతాయి. అవి వదిలే వాయువులో దాదాపు సగం మీథేన్, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్. గోబర్ గ్యాసులో పొయ్యి వెలిగించేది ఈ మీథేనే. ఇంట్లో ఉంటే వంట చేస్తుంది, కుప్పలో పుడితే ఆకాశంలోకి పోతుంది.

ఆకాశంలోకి పోతే ఏం చేస్తుంది? భూమి మీది వేడిని బయటికి పోనీయకుండా దుప్పటిలా కప్పుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే ఒక కిలో మీథేన్ దాదాపు ఇరవై ఎనిమిది కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే ఎనభై కిలోలకు పైనే. అయితే దీనికి ఆయుష్షు తక్కువ, గాలిలో పన్నెండేళ్ల పాటు మాత్రమే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ అయితే శతాబ్దాలు దాటినా వదలదు. కాబట్టి మీథేన్‌ను ఇవాళ తగ్గిస్తే ఆ ఫలితాన్ని మన పిల్లలే కాదు, మనమూ చూస్తాం. మనుషుల పనుల వల్ల ప్రపంచంలో పుట్టే మీథేన్‌లో అయిదో వంతు చెత్తకుప్పల నుంచి, మురుగునీటి నుంచి వస్తోంది. 2021లో గ్లాస్గోలో వాతావరణ సదస్సు జరిగినప్పుడు 2030 నాటికి మీథేన్‌ను ముప్పై శాతం తగ్గిస్తామని వందకు పైగా దేశాలు మాట ఇచ్చాయి. మన దేశం ఆ ఒప్పందంలో చేరలేదు. చేరినా చేరకపోయినా, ఏప్రిల్, మే నెలల్లో నల్లమల పక్కన కాసే ఎండ ఎలా ఉంటుందో మన ప్రాంతం వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన ఊరి లెక్క వేద్దాం. 2011 జనాభా లెక్కల్లో మార్కాపురం పట్టణంలో డెబ్బై ఒక్క వేల మంది ఉన్నారు. ఇప్పటికి డెబ్బై అయిదు వేలనుకుందాం, ఎక్కువే ఉండొచ్చు. మనిషికి రోజుకు మూడు వందల యాభై గ్రాముల చెత్త అనుకుంటే ఊరి మొత్తానికి ఇరవై ఆరు టన్నులు. అందులో సగం తడి చెత్త అనుకుంటే పదమూడు టన్నులు. ఇది వేళ్ల మీది లెక్కే, మున్సిపాలిటీ రిజిస్టరులోది కాదు. కానీ దీంతో ఒక సంగతి తేలుతుంది.

ఒక టన్ను తడి చెత్త కుప్పలో పడి కుళ్లితే, ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణులు వాడే లెక్కల పద్ధతిలో చూసుకున్నా, తక్కువలో తక్కువ ఇరవై కిలోల మీథేన్ వస్తుంది. కుప్ప ఎత్తు పెరిగేకొద్దీ అది రెట్టింపు కూడా అవుతుంది. తక్కువ లెక్కే తీసుకుందాం. ఇరవైని ఇరవై ఎనిమిదితో హెచ్చవేస్తే అయిదు వందల అరవై కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే సుమారు రెండు వందల నలభై లీటర్ల పెట్రోలు కాల్చినంత. పదమూడు టన్నులకు మూడు వేల లీటర్ల పై చిలుకు. మార్కాపురం లాంటి ఒక ఊరు తినగా మిగిల్చిందాన్ని ఊరి బయట పోసినందుకే, ప్రతిరోజూ మూడు వేల లీటర్ల పెట్రోలును ఊరికే తగలేసినట్టు.

ఎండాకాలంలో ఆ కుప్పలు అంటుకుంటాయి. ఒక్కోసారి ఎవరో నిప్పు పెడతారు, ఒక్కోసారి లోపలి వేడికి, గ్యాసుకు ఎక్కడి నుంచో ఒక నిప్పురవ్వ తోడైతే చాలు. ప్లాస్టిక్ కాలిన పొగలో డయాక్సిన్ల లాంటి విషాలుంటాయి. వాన పడితే కుప్ప అడుగునుంచి నల్లటి రసం ఊరి భూమిలోకి దిగుతుంది. కవర్లు వాగుల వెంట కొట్టుకుపోయి చెరువుల్లో తేలతాయి. ఇక్కడి బోర్లలో ఫ్లోరైడుతో ఇప్పటికే వేగుతున్నాం. గుండ్లకమ్మ మీద విజయనగర రాజుల నాడు కట్టిన కంభం చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది. చుక్క నీటి కోసం తరతరాలుగా అంత శ్రమపడ్డ ప్రాంతం ఇది. ఆ నీటిలోకి మన కవర్లు వదలడం కంచంలో మనమే మట్టి పోసుకోవడం.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. "చెత్త నుంచి కరెంటు తీస్తున్నారు కదా, ఆ యంత్రం మనకూ ఒకటి పెడితే సరిపోదా?"

తీస్తున్న మాట నిజమే. గుంటూరు దగ్గర, విశాఖపట్నంలో కాపులుప్పాడ దగ్గర చెరొక పదిహేను మెగావాట్ల జిందాల్ కేంద్రాలున్నాయి. హైదరాబాదు జవహర్‌నగర్‌లో 2020లో మొదలైన కేంద్రాన్ని తరవాత ఇరవై నాలుగు మెగావాట్లకు పెంచారు. అక్కడ చెత్తను పెద్ద కొలిమిలో కాలుస్తారు. ఆ వేడికి నీరు ఆవిరై టర్బైను తిప్పుతుంది, కరెంటు పుడుతుంది. గుంటూరు కొలిమి ఆకలి రోజుకు పన్నెండు వందల టన్నులు. మన లెక్క ప్రకారం మార్కాపురం చెత్త ఇరవై ఆరు టన్నులు. దాని ఒక్క రోజు భోజనం కోసం మార్కాపురం నెలన్నర పాటు చెత్త పోగెయ్యాలి! మార్కాపురం, గిద్దలూరు, కంభం, పొదిలి, కనిగిరి అన్నీ కలిపినా ఆ కొలిమికి పంటి కిందికి రాదు. పోనీ లారీల్లో వంద కిలోమీటర్లకు పైగా తోలదామా అంటే, అందులో సగం బరువు నీళ్లదే. నీళ్లను డీజిలు పోసి మోసుకెళ్లి, అక్కడ మళ్లీ మంట పెట్టి ఆరబెట్టినట్టవుతుంది.

తడి కట్టె పొయ్యిలో పెడితే ఏమవుతుందో ఆడవాళ్లకు తెలుసు. కళ్లనిండా పొగ తప్ప మంట రాదు. మన దేశం ఆ పాఠాన్ని చాలా ఖర్చు పెట్టి నేర్చుకుంది. 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో డెన్మార్క్ సాయంతో రోజుకు మూడు వందల టన్నుల చెత్త కాల్చే కేంద్రం కట్టారు. డెన్మార్క్ ఊళ్ల చెత్తలో కాగితాలు, అట్టలు ఎక్కువ. మన చెత్తలో తొక్కలు, మట్టి ఎక్కువ. కొద్ది రోజులకే అది మూతపడింది. 2003 ప్రాంతంలో విజయవాడలోను, హైదరాబాదు చెత్త కోసం షాద్‌నగర్ దగ్గర కూడా సుమారు ఆరేసి మెగావాట్ల కేంద్రాలు వచ్చాయి. మంట నిలబడడానికి వాటిలో వ్యవసాయ వ్యర్థాలు కలపాల్సి వచ్చింది. అవీ ఎక్కువ కాలం సాగలేదు. తప్పు యంత్రంలో లేదు. దాని నోట్లో మనం పెట్టిన ముద్దలో ఉంది.

కాబట్టి మన ఊళ్లకు కావలసింది కొలిమి కాదు, కుడితి తొట్టి. గేదె చేసే పని చేసే తొట్టి. గేదె కడుపులో మేతను అరిగించేవి కూడా గాలి అక్కరలేని సూక్ష్మజీవులే కదా. వాటిలాంటి వాటినే మూత పెట్టిన ట్యాంకులో ఉంచి, కూరగాయల తుక్కు మెత్తగా రుబ్బి పోస్తే, గ్యాసు మన చేతిలో ఉంటుంది.

దీనికి మనకు దగ్గరలోనే సాక్ష్యం ఉంది. సికింద్రాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు పది టన్నుల దాకా వ్యర్థం పోగవుతుంది. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థ, మనం ఐఐసీటీ అంటాం, రూపొందించిన పద్ధతిలో అక్కడ బయోగ్యాసు కేంద్రం పెట్టారు. రోజుకు అయిదు వందల యూనిట్ల కరెంటు, మార్కెట్ క్యాంటీన్ వంటకు ముప్పై కిలోల గ్యాసు వస్తున్నాయని 2021 జనవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలోనే చెప్పారు.

ఇక్కడ నిజం దాచకూడదు. అయిదు వందల యూనిట్లంటే వంద ఇళ్లకు రోజుకు అయిదేసి యూనిట్లు. చెత్త కరెంటుతో మార్కాపురం అంతా వెలిగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇంజను తిప్పి కరెంటు తీస్తే గ్యాసులోని శక్తిలో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. గ్యాసును గ్యాసుగానే పొయ్యికి ఇస్తే ఆ నష్టం ఉండదు. శుభ్రంగా వేరుచేసిన ఒక టన్ను తడి చెత్త నుంచి సుమారు అరవై, డెబ్బై ఘనపు మీటర్ల గ్యాసు ఆశించవచ్చు. అది రెండు వంటగ్యాసు సిలిండర్లతో సమానం. మార్కెట్ యార్డు, హోటళ్లు, కల్యాణ మండపాల నుంచి రోజుకు మూడు టన్నులు వేరుగా పోగుచేసినా ఆరు సిలిండర్లు. పక్కనే ఉన్న ఒక హాస్టలు వంటింటికో, అన్న క్యాంటీన్‌కో ఆ మంట సరిపోతుంది.

గ్యాసు తీశాక మిగిలే చిక్కటి రసం మంచి ఎరువు. పేడ దొరక్క, వట్టి యూరియాతో నెట్టుకొస్తున్న మన ఎర్రనేలలకు, బత్తాయి తోటలకు, కంది చేలకు అదే అసలు లాభం అని నాకనిపిస్తుంది. గ్యాసు వంటయ్యేదాకా, ఎరువు పంట పండేదాకా.

మన పక్కనే ఇంకో కబురు కూడా ఉంది. కనిగిరి నియోజకవర్గం పి.సి. పల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ సంస్థ బయోగ్యాసు ప్లాంటుకు 2025 ఏప్రిల్ 2న మంత్రి లోకేశ్ శంకుస్థాపన చేశారు. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి, దాన్ని పులియబెట్టి, గ్యాసును శుద్ధి చేసి బండ్లకు ఇంధనంగా ఇవ్వాలన్నది ఆలోచన. రాష్ట్రమంతటా ఇలాంటివి అయిదు వందలు పెడతామన్నారు. సంతోషమే. కానీ నేపియర్ గడ్డికీ నీళ్లు కావాలి. నీళ్లు అడగని ముడిసరుకు మన ఊళ్ల నుంచి రోజూ బండ్లకెత్తి పోతోంది కదా. ట్యాంకులోని సూక్ష్మజీవులకు గడ్డి అయినా, అరటి తొక్క అయినా మేతే. వాటికి సరిపడనివి గాజుపెంకు, ప్లాస్టిక్ లాంటివి. మనం వేరు చేసి ఇవ్వగలిగితే, చుట్టుపక్కల ఊళ్ల తడి చెత్త కూడా తీసుకోండి అని అడిగే హక్కు మనకు వస్తుంది. కలగాపులగంగా ఇస్తే అడిగే నోరు ఉండదు. మధ్యప్రదేశ్‌లోని ఇందోరులో 2022 నుంచి రోజుకు అయిదు వందల యాభై టన్నుల తడి చెత్తతో బండ్లకు గ్యాసు తయారవుతోంది. అక్కడి ట్యాంకుల్లో వింతేమీ లేదు, ఇళ్ల గుమ్మాల్లోనే ఉంది. చెత్త వేరు చేయకపోతే బండి మనిషి తీసుకోడు.

ఇదంతా పెద్ద నగరాల వల్లనే అవుతుందనుకోకండి. సూర్యాపేట మార్కాపురం కంటే మరీ పెద్దదేమీ కాదు. 2000 దశకం మొదట్లో అక్కడ కమిషనరుగా పనిచేసిన ఖాదర్ సాహెబ్ వీధుల్లోంచి చెత్తకుండీలే తీసేయించారు. ఇంటింటికీ రెండు బుట్టలు, ట్రాక్టరులో రెండు అరలు. తడిది వానపాముల ఎరువైంది, పొడిది అమ్ముడుపోయింది. దేశం నలుమూలల నుంచి మున్సిపాలిటీల వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. అందులో కోట్ల యంత్రం ఒక్కటీ లేదు. ట్రాక్టరు మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టారు, అంతే. మనం ఇంట్లో వేరు చేసి ఇచ్చినా బండిలో కలిపేస్తారని చాలామంది ఫిర్యాదు చేస్తారు. ఆ ఫిర్యాదుకు జవాబు ఆ రేకే. ఆ రేకు మన బండిలో ఉందో లేదో చూసి, లేకపోతే వార్డులో నిలదీయడం మన వంతు.

మరి పొడి చెత్త సంగతో? అట్టలు, సీసాలు, ఇనుము, గట్టి ప్లాస్టిక్ అమ్ముడుపోతాయి. మిగిలేది బిస్కెట్ల రేపర్లు, చిరిగిన గుడ్డలు, పాత చెప్పులు. ఇవి ఎవరూ కొనరు, కానీ మండుతాయి. 2016 నాటి కేంద్ర నిబంధనలు కూడా బాగా మండే గుణమున్న పొడి చెత్తను భూమిలో పూడ్చవద్దన్నాయి. మన చుట్టూ పల్నాడులో, నంద్యాల, కడప జిల్లాల్లో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. వాటి బట్టీల్లో వేడి పద్నాలుగు వందల డిగ్రీలు దాటుతుంది. బొగ్గుతోపాటు ఈ పొడి సరుకును అక్కడ వాడుకుంటున్నారు. తడి లేకుండా మూట కట్టి పంపితేనే అది ఇంధనం, సాంబారు అంటుకుంటే మళ్లీ చెత్తే.

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి. 2021 అక్టోబరులో క్లాప్, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్, పథకంతో పాటు వచ్చిన చెత్త పన్ను మీద జనం కోపగించుకున్నారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. పన్ను పోయింది, చెత్త పోలేదు. బండికి డీజిలు, కార్మికులకు జీతం ఎక్కడినుంచో రావాలి. గ్యాసూ ఎరువూ అమ్మితే ఆ ఖర్చంతా తిరిగి వస్తుందని నేను చెప్పలేను. కానీ వేరు చేసిన చెత్తకు ఖర్చు తగ్గుతుంది. కలిపిన చెత్తను మళ్లీ విడదీయడానికే ఎక్కువ డబ్బు, ఎక్కువ చేతులు కావాలి. ఆ చేతులు ఎవరివి? తెల్లవారుజామున మనం నిద్ర లేవకముందే వీధిలోకి వచ్చే పారిశుద్ధ్య కార్మికులవి. మనం కవరులో పడేసిన సూది ముందు గుచ్చుకునేది వాళ్లకే. సూదులు, శానిటరీ ప్యాడ్లు, పగిలిన బల్బులు విడిగా కాగితంలో చుట్టి ఇవ్వడానికి అర నిమిషం పట్టదు.

చివరగా ఒక్క చిన్న పని చెబుతాను. ఆ క్లాప్ పథకంలోనే పట్టణాల్లో ఇంటింటికీ మూడు బుట్టలు ఇచ్చారు, గుర్తుందా? ఆకుపచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు, ఎర్రది ప్రమాదకరమైన వాటికి. నేను చూసిన చాలా ఇళ్లలో ఆకుపచ్చ బుట్టలో ఉల్లిపాయలున్నాయి, నీలం బుట్టలో పిల్లల బొమ్మలున్నాయి. ఎర్రది మంచం కింద ఉంది. గట్టి బుట్టలు కదా, చెత్తకు వాడడానికి మనసొప్పలేదు!

ఈ రాత్రి వంటిల్లు సర్దాక, ఆ ఉల్లిపాయలను ఇంకెందులోనైనా పోయండి. ఆ పచ్చ బుట్టను సింకు పక్కన పెట్టండి. మా అమ్మ కుడితి తొట్టి స్థానం ఇక దానిదే. రేపు పొద్దున బండి పాట వినిపించేసరికి అందులో కవరు లేకుండా, సీసా మూత లేకుండా ఉంటే, మన ఊరి గ్యాసు పొయ్యికి మొదటి ముద్ద అదే అవుతుంది.